లీటరుకు పన్నెండు

విజయవాడ, వన్‌టౌన్,
14 జూన్ 1998.

హరిబాబుకు అక్క రాస్తున్నది.

ఆశీస్సులు ఉత్తరం చివర పెట్టాను. అక్కడిదాకా చదివే ఓపిక ఉంటే తీసుకో.

శనివారం నువ్వు బస్సు కండక్టరు చేత పంపిన చీటీ చూశాను. ట్యాంకు నిండా డీజిలు కొట్టించిన రోజు మీటరు రీడింగూ, మళ్లీ నిండా కొట్టించిన రోజు రీడింగూ పక్కపక్కన పెట్టుకుని నేనే భాగహారం చేశాను. లీటరుకు పదిన్నర కిలోమీటర్లు. మీ బావ చేతిలో ఇదే పికప్పు, ఇదే ఉయ్యూరు బెల్లం లోడుతో, ఇదే బందరు రోడ్డు మీద పన్నెండు ఇచ్చేది. ఆయన డైరీ నా ఒళ్లోనే ఉంది. ఏ శనివారం పేజీ తీసినా పన్నెండే. మనిషి పోయి నాలుగు నెలలు కాలేదు, ఆ ఒకటిన్నర కిలోమీటరు ఎక్కడికి పోయింది?

బండి నీకు ఊరికే అప్పగించానా? అరిగి గుండైపోయిన నాలుగు టైర్లూ తీయించి, ఆటోనగర్లో కరిముల్లా చేత కొత్తవి, అంతకంటే ఎత్తువి వేయించాను. చెరుకు తోటల దారుల్లో బురదలో దిగబడకూడదని. ఇంజను ఆయిలు మార్పించాను. ఇంక లోపం ఎక్కడుందంటావు? స్టీరింగు వెనక కూర్చున్నవాడిలో ఉంది.

చిన్నప్పుడు నాన్న మగ్గం దగ్గర లాంతర్లోంచి కిరసనాయిలు ఒంపుకుపోయి, సోడా బండివాడికిచ్చి గోలీసోడా తాగినవాడివి. ఆ అలవాటు ఇప్పుడు డీజిలు మీదికి వచ్చిందా అని అడుగుతున్నాను. తప్పుగా అనుకుంటే అనుకో. ఫోనులో అడగొచ్చు, కానీ ఫోనులో నువ్వు నీళ్లు నములుతావు. కాగితం మీదైతే నీ మాట నా దగ్గర ఉండిపోతుంది.

ఈ ఏడాది తిరిగేలోపల పన్నెండు రాకపోతే తాళాలు అంతోనికి ఇస్తాను. లారీల మీద ఇరవై ఏళ్లు చేసినవాడు. పైగా పరాయివాడు. దొంగతనం చేస్తే స్టేషన్లో అప్పగించడానికి నాకు మొహమాటం ఉండదు.

ఆశీస్సులు.
చౌడేశ్వరి


ఉయ్యూరు,
28 జూన్ 1998.

అక్కకు,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. ఆశీస్సులు అందాయి. ఒక్క ముక్కే కాబట్టి దారిలో ఒలికిపోకుండా వచ్చాయి.

నేను డీజిలు అమ్ముకోలేదు. కిరసనాయిలు సంగతి నిజం. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దానికి నాన్న మగ్గం పలుపుతో కొట్టాడు, నువ్వు పక్కన నిలబడి లెక్కపెట్టావు. ఆ దెబ్బలతో అది తీరిపోయిందనుకున్నాను.

అయినా నువ్వన్నావని చేయగలిగిందంతా చేస్తున్నాను. రోజూ పొద్దున్నే నాలుగు టైర్లలో గాలి చూసుకుంటున్నాను. ఎయిర్ ఫిల్టరు విప్పి దుమ్ము కొట్టించాను. చెరుకు పిప్పి దుమ్ము గుప్పెడు రాలింది. క్యాబిన్ మీద బావ పెట్టించిన ఇనప క్యారియరు గాలికి అడ్డం పడుతుందని తీసేశాను. నలభై అయిదు దాటకుండా, గేర్లు గుంజకుండా వెళ్తున్నాను. నా వెనక హారన్లు కొట్టి కొట్టి బందరు బస్సుల డ్రైవర్లు నాకు పెళ్లికొడుకని పేరు పెట్టారు. ఊరేగింపులా వెళ్తున్నానట.

ఇంత చేస్తే పదకొండు వచ్చింది. ఇదే నిజం.

మరో కబురు. రాజేశ్వరికి రెండో నెల. మా పెళ్లయిన తొమ్మిదేళ్లకు. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను.

నీ తమ్ముడు
హరిబాబు


విజయవాడ,
19 జూలై 1998.

హరిబాబుకు,

రాజేశ్వరి కబురు విని సంతోషించాను. దుర్గమ్మకు కొబ్బరికాయ కొట్టించాను.

ఇక పదకొండు సంగతి. మంచి పిల్లాడు పరీక్షలో ఫెయిలై, ‘పోయిన సారికంటే మార్కులు పెరిగాయి’ అని ఇంటికొచ్చి చెప్పినట్టుంది. ఇంకో కిలోమీటరు కావాలి నాకు. బరువు తగ్గించు. స్టెప్నీ టైరు ఎందుకు? కొత్త టైర్లు కదా, పంక్చరెందుకవుతుంది? తీసేసి ఇంట్లో పెట్టు. జాకీ, రాడ్డూ, పనిముట్ల పెట్టే కూడా దించేయ్. క్యాబిన్లో పక్క సీటు ఎవరికోసం? నీకు క్లీనరు లేడు. ఆ సీటుంటే ఉయ్యూరు సెంటర్లో కనబడ్డ ప్రతివాడినీ ఎక్కించుకుంటావు. నీ మొహమాటం నాకు తెలియదా? నాలుగు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. విప్పేయ్.

కాలవ వంతెనలు దిగేటప్పుడు బండిని న్యూట్రల్లో వదిలేస్తున్నావా? మీ బావ వదిలేవాడు. ఆయనకు చదువు లేదు, మాట తీరు లేదు, వ్యాపారంలో చెయ్యి పెట్టిన చోటల్లా మునిగాడు. కానీ బండిని మాత్రం పసిపిల్లను దింపినట్టు దింపేవాడు.

ఆయన చేసింది నువ్వు చేయలేవంటే రెండే కారణాలు. చేతకాకపోవాలి, చెయ్యి వాటం మంచిది కాకపోవాలి. ఏదో ఒకటి ఒప్పుకో.

చౌడేశ్వరి


ఉయ్యూరు,
20 సెప్టెంబరు 1998.

అక్కకు,

నువ్వు చెప్పినవన్నీ తీసేశాను. పద్నాలుగో నంబరు స్పానరుతో పక్క సీటు బోల్టులు నా చేత్తోనే విప్పాను. ఇప్పుడది మా వసారాలో ఉంది. రాజేశ్వరి దాని మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

పోయిన వారం అవనిగడ్డ దారిలో మేకు దిగింది. స్టెప్నీ లేదు, జాకీ లేదు. ఎదురొచ్చిన ట్రాక్టరువాడిని బతిమాలి జాకీ అడుక్కుని, చక్రం విప్పి నెత్తిన పెట్టుకుని పంక్చరు కొట్టుదాకా నడిచాను. బెల్లం మీద ఈగలు ముసిరి, కొట్టువాడు నన్ను తిట్టిన తిట్లు ఉత్తరంలో రాసేవి కావు. అయినా ఈ విడత పదకొండున్నర వచ్చింది. చీటీ జత చేశాను.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నవంబరులో రాజేశ్వరిని బెజవాడ తీసుకొచ్చి స్కానింగు తీయించమని ఇక్కడి డాక్టరమ్మ రాసిచ్చింది. కొంచెం జాగ్రత్తగా ఉండాలంది, కుదుపులు పడకూడదంది. ఆ ఒక్క రోజుకూ సీటు బిగించి నేనే మెల్లగా తీసుకొస్తాను. డీజిలు నేను పోయించుకుంటాను. ఆ రోజు కిలోమీటర్లు చీటీలో కలపను. నువ్వు సరేనంటేనే.

నీ తమ్ముడు
హరిబాబు


విజయవాడ,
11 అక్టోబరు 1998.

హరిబాబుకు,

సరేననను.

డీజిలు నువ్వు పోయించుకుంటావు, కిలోమీటర్లు కలపవు. బాగానే ఉంది. మరి ఆ రోజు ట్యాంకులో ఏది నాదో ఏది నీదో డీజిలు మీద పేర్లు రాసి ఉంటాయా? ఇన్నాళ్లూ నువ్వు ఏమీ కాజేయలేదని ఎలా నమ్మడం అని నేను కిందామీదా పడుతుంటే, కొత్త దారి చూపిస్తున్నావు.

నాకూ ఇద్దరు పుట్టారు. ఎనిమిదో నెలలో కూడా బస్సులోనే ఆస్పత్రికి వెళ్లాను, నిలబడి. అప్పుడు మీ బావకు ఈ బండి కూడా లేదు. రాజేశ్వరి ఏమన్నా అద్దాల బొమ్మా? ఉయ్యూరు నుంచి బెజవాడకు అయిదు నిమిషాలకో బస్సుంది. స్కానింగు అయ్యాక మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్లమను.

ఇంకో అరకిలోమీటరు ఉంది. ఆ సీటు ఎక్కడుందో అక్కడే ఉండనీ.

చౌడేశ్వరి


ఉయ్యూరు,
22 నవంబరు 1998.

అక్కకు,

పన్నెండు వచ్చింది. చీటీ జత చేశాను. భాగహారం చేసి చూసుకో.

రాజేశ్వరి పదో తారీఖున స్కానింగుకు బస్సులో బయల్దేరింది. సీటు దొరకలేదు. కంకిపాడు దాటాక గేదె అడ్డం వస్తే బస్సు గట్టిగా బ్రేకు కొట్టాల్సి వచ్చింది. డ్రైవరు తప్పేం లేదు, అతను కొట్టకపోతే ఇంకా ఘోరం జరిగేదట. రాజేశ్వరి ముందు సీటు రాడ్డు మీద పడింది. పొట్ట తగిలింది. ఎవరో ఆడవాళ్లు దించి ఆటోలో వెనక్కి ఉయ్యూరు ఆస్పత్రికి తీసుకొచ్చారు. మగపిల్లాడు. ఏడ్వలేదు.

నేనప్పుడు పామర్రు దగ్గర ఉన్నాను, నలభై అయిదు మీద.

ఒక మాట చెప్పుకోవాలి, ఇంకెవరికి చెప్పను? నువ్వు వద్దన్నావు, నిజమే. కానీ సీటు నా వసారాలోనే ఉంది, స్పానరు నా చేతిలోనే ఉంది. నీకు చెప్పకుండా ఒక్క పూట బిగించి ఉంటే నీకు తెలిసేది కాదు. పొద్దున బస్టాండులో దింపమని రాజేశ్వరి నోరు తెరిచి అడగలేదు, సీటు వైపు ఒకసారి చూసింది. ఆ వారం పన్నెండు అందేలా ఉందని నాకు ఆశ. దొంగనన్న మాట పోతుందని ఆశ. చూసీ చూడనట్టు బండి తీశాను.

హరిబాబు


విజయవాడ,
2 డిసెంబరు 1998.

హరిబాబుకు,

విని మనసు పాడైంది. రావాలనుకున్నాను, ఇంట్లో అమ్మకానికి చీరల బేళ్లు దిగే రోజులు కావడంతో ఇల్లు కదలడానికి లేకపోయింది. రాజేశ్వరికి ఇంకా వయసు మించిపోలేదు. ముప్పై రెండేగా. మళ్లీ పుడతారు. పథ్యం చేయించు.

చీటీ చూశాను. పన్నెండు నిజమే. చూశావా, పట్టుదలగా చేస్తే వచ్చింది. జూన్‌లో రాదన్నావు. నేను మెత్తగా ఉండి ఉంటే ఈపాటికి నువ్వు పదిన్నర దగ్గరే కూర్చుని ఉండేవాడివి. తిట్టినవాళ్ల విలువ తర్వాత తెలుస్తుంది.

అయితే ఒకటి గుర్తుంచుకో. మీ బావ ఈ పన్నెండు స్టెప్నీ పెట్టుకుని, పక్క సీటు పెట్టుకుని తీశాడు. నువ్వు అన్నీ ఊడదీస్తే గానీ తీయలేకపోయావు. సమానమయ్యావని విర్రవీగకు. నెలనెలా ఇదే నిలబెట్టు.

చౌడేశ్వరి


ఉయ్యూరు,
17 జనవరి 1999.

చౌడేశ్వరి గారికి,

పికప్పు తాళాలు ఈ కవరులో ఉన్నాయి. కండక్టరు చేతికి స్వయంగా ఇచ్చాను.

పోయిన ఆదివారం ఆటోనగర్ నుంచి కరిముల్లా ఏదో పని మీద ఉయ్యూరు వచ్చి, మా ఇంటికి కూడా వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైర్లు చేత్తో తట్టి, “నేనేసినవే. మైలేజీ ఎంతిస్తోంది బాబూ?” అని అడిగాడు. చచ్చీ చెడీ పన్నెండు తీస్తున్నానన్నాను. “మీటరు మీద పన్నెండా, రోడ్డు మీద పన్నెండా?” అన్నాడు. నాకర్థం కాలేదు. అప్పుడు నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. మీటరుకు దూరం తెలియదట, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే తెలుసట. ఎత్తు టైరు వేస్తే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం పాత టైరు లెక్కే వేసుకుంటుంది. బండి పది కిలోమీటర్లు నడిస్తే తొమ్మిదే చూపిస్తుంది. “ఏసిన రోజే మీ అక్కగారికి చెప్పానండీ, తొమ్మిదొస్తే పది రాసుకోండమ్మా అని. మీకు చెప్పలేదాండీ?” అన్నాడు. పాపం, అతనికేం తెలుసు?

మర్నాడు బందరు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. ఇరవై రాళ్లకు మీటరు పద్దెనిమిది చూపించింది.

అంటే జూన్‌లో మీరు నన్ను దొంగన్న నాడు నేను తీసింది పదిన్నర కాదు, దాదాపు పన్నెండు. బావగారి టైర్లు అరిగి చిన్నవైపోయాయి కాబట్టి ఆయన మీటరు ఉన్నదానికంటే ఎక్కువే చూపించి ఉంటుందని కూడా కరిముల్లా అన్నాడు. మీరు మొదటి ఉత్తరం రాసేనాటికే నేను ఆయనతో సమానం. పక్క సీటుతో, స్టెప్నీతో, ఇనప క్యారియరుతో.

మీకు తెలుసు. తెలిసే రాశారు. ఆ సీటు విప్పక్కర్లేదని తెలిసీ విప్పమన్నారు.

నిన్న ఆఖరి ట్రిప్పు వేశాను. ట్యాంకు పైపు తీసేసి, కరిముల్లా నేర్పినట్టు రెండు లీటర్ల సీసా నిండా డీజిలు పోసి ఇంజను పక్కన కట్టి, పైపు దాంట్లో పెట్టాను. ఉయ్యూరు సెంటరు నుంచి బెజవాడ వైపు బయల్దేరాను. పోరంకి దగ్గర సీసా ఎండిపోయి ఇంజను ఆగిపోయింది. బండి అక్కడే రోడ్డు పక్కన ఉంది. రాళ్ల ప్రకారం ఇరవై ఏడు కిలోమీటర్లు. మీటరు ఇరవై నాలుగు. లీటరుకు రోడ్డు మీద పదమూడున్నర, మీ మీటరు మీద పన్నెండు. పైపుల్లోకి గాలి పట్టేసింది కాబట్టి తాళం తిప్పితే స్టార్టవదు. కరిముల్లాను వెంటబెట్టుకెళ్లండి. ఖాళీ సీసా కట్టే ఉంచాను. రాళ్లు మీరే లెక్కపెట్టుకోవచ్చు. దెబ్బలు లెక్కపెట్టడం వచ్చినవారికి అదేం కష్టం కాదు.

స్టెప్నీ, జాకీ, పెట్టె, సీటు అన్నీ బండి వెనక వేశాను. నా దగ్గర మీ వస్తువేదీ లేదు.

ఇట్లు
హరిబాబు


విజయవాడ,
7 ఫిబ్రవరి 1999.

హరిబాబుకు,

గారూ అట, ఇట్లూ అట. సరే, రాసుకో.

బండి తెప్పించాను. సీసా నా కళ్లతో చూశాను. తర్వాత బస్సెక్కి ఉయ్యూరు దాకా వచ్చి, అదే బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాళ్లు లెక్కపెట్టుకుంటూ తిరిగొచ్చాను. ఇరవై ఏడే. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ బస్సు మీ వీధి మొదట ఆగింది. రాజేశ్వరి అరుగు మీద ఉంది. దిగలేదు. 

అవును, కరిముల్లా ఆ రోజే చెప్పాడు. విన్నాను. నీ మొదటి చీటీలో పదిన్నర చూసినప్పుడు పదో వంతు కలిపి చూసుకున్నాను కూడా. కలిపితే నువ్వు ఆయనతో సమానంగా తేలావు. నాకు ఒళ్లు మండిపోయింది. మీ బావను బతికినన్నాళ్లూ అందరూ చేతకానివాడనే అన్నారు. నాన్న అన్నాడు, నువ్వు నవ్వావు, నేను ఆయన మొహం మీదే అన్నాను. పోయాక పెట్టె తెరిస్తే ఆ డైరీ ఒక్కటి కనిపించింది. వారం వారం పన్నెండు, పన్నెండు అని గుండ్రంగా రాసుకున్నాడు. ఆయన బాగా చేసిన పని అదొక్కటే. అది కూడా నువ్వు బండెక్కిన మొదటి నెలలోనే చేసేస్తే ఆయనకు ఇంకేం మిగులుతుంది? అందుకని చెప్పలేదు. నిన్ను కాస్త ఏడిపిద్దామనుకున్నాను. పిల్లాడి మీదికి వస్తుందనుకోలేదు. డిసెంబరులో రాసిన ఉత్తరం మాత్రం రాయకుండా ఉండాల్సింది. ఇంతకంటే నా చేత రాయించకు.

సీటు బిగించాను. కొత్త రెక్సిను వేయించాను, కింద స్పాంజీ పెట్టించాను. స్టెప్నీ కూడా పెట్టాను. ప్రస్తుతానికి అంతోని నడుపుతున్నాడు. నువ్వు వస్తానంటే రేపే దించేస్తాను. వాడి చేతిలో లీటరుకు పది రాళ్లు కూడా దాటడం లేదు. నువ్వు తీసిన పదమూడున్నర మీ బావ డైరీలోనే ఆయన పన్నెండు కింద నా చేత్తో రాశాను. ఆ పేజీ అంతోనికి చూపించి, ‘మా తమ్ముడు తీసింది ఇది, నీకేం రోగం?’ అని నాలుగు దులిపాను. బరువెక్కువుందని నసుగుతున్నాడు.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి. రా.

అక్క


ఉయ్యూరు,
14 ఫిబ్రవరి 1999.

చౌడేశ్వరి గారికి,

నేను రాను. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు మీద కుదిరాను. మైలేజీ ఎంతని ఇక్కడెవరూ అడగరు.

మీ ఉత్తరం రాజేశ్వరికి చదివి వినిపించాను. రెక్సిను మాట వచ్చినప్పుడు లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి వచ్చి, మీకు ఒక్క సంగతి రాయమంది. ఆస్పత్రిలో తన పక్క మంచం మీద ఉన్నది అంతోని గారి భార్యేనట. అప్పటికి ఆమెకు నాలుగో నెల. ఇప్పుడు ఏడో నెల వచ్చి ఉంటుంది.

డైరీలో ఆ పేజీ చింపేయండి.

హరిబాబు